జాగ నాకు యాదుంటదన్నా

బాయిలర్ పని చేసేవాడికి దయ్యాల మీద నమ్మకం ఉండదు. ఉంటే వాడు వారం రోజులు కూడా ఆ పని చేయలేడు. గోడలో ఎవరో తట్టినట్టు చప్పుడు వస్తే అది పైపులో చిక్కుకున్న గాలి. ఎవరో మూలిగినట్టు వినిపిస్తే అది అరిగిపోయిన పంపు బేరింగు. వేడెక్కిన పైపు చల్లారి ముడుచుకుంటుంటే అచ్చం ఎవరో మెట్లు దిగుతున్నట్టే ఉంటుంది.

ఖతర్‌లో పన్నెండేళ్లు ఈ పనే చేశాను. ఇంట్లో జిన్ను తిరుగుతోందని కబురు పెట్టిన విల్లాలకు కనీసం పదింటికి వెళ్లి ఉంటాను. పైపు చివర చిన్న మర ఉంటుంది, దాన్ని అర చుట్టు తిప్పితే గాలి బుస్సుమని బయటికి పోతుంది. జిన్ను కూడా దానితోపాటే పోయేది. వాళ్లు నాకు చాయ్ పోసి దువా చేస్తే నేను నవ్వుకుంటూ క్యాంప్‌కు వచ్చేవాణ్ణి. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

నా పేరు గంగారాం. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. నేను ఇళ్లలో నేలను వేడిచేసే లైన్ల మీద పని చేస్తానంటే మా ఊళ్లో పడీ పడీ నవ్వేవాళ్లు. "దుబాయ్‌ల ఎండ చాలలేదని నువ్వు కిందికెళ్లి మంట పెడుతున్నవారా?" అని మా మేనమామ అనేవాడు. వాళ్లకు గల్ఫ్ మొత్తం దుబాయే. కానీ అక్కడ డిసెంబరు, జనవరిలో పాలరాతి నేల మీద కాలు పెడితే జివ్వుమంటుంది. ఉన్నవాళ్లు నేల కింద ప్లాస్టిక్ పైపులు పాముచుట్టలా పరిచి, వాటిలో బాయిలర్ నుంచి వేడినీళ్లు తిప్పుకుంటారు. పైన చూస్తే ఏమీ కనపడదు, అడుగు పెడితే గోరువెచ్చగా ఉంటుంది.

నేను చెప్పే ఇల్లు అల్ అజీజియాలో ఉంది. ఇంటి యజమాని తల్లికి మోకాళ్ల నొప్పులు. ఆమె కోసమే మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే పెద్ద హాల్లో, ఈ లైన్ వేయించారు. ఐదేళ్ల కింద దాన్ని వేసింది మా కంపెనీ. పైపులు పరిచిన ముఠాకు ఛార్జ్‌హ్యాండ్‌ను, అంటే మేస్త్రీని, నేనే.

ఆ పనిలో నా కింద భూమన్న ఉండేవాడు. రాయికల్ వైపు మనిషి. ఒద్దికగా ఉండేవాడు, పనిలో పడితే లేచేవాడు కాదు. చిన్నప్పుడు నాగటి కర్రు తగిలి ఎడమకాలి చిటికెన వేలు పోయింది. క్యాంప్‌లో అందరం తొమ్మిదివేళ్ల భూమన్న అని ఏడిపించేవాళ్లం. "పదోది ఊర్లె కాపలా పెట్టి వచ్చిన" అనేవాడు.

పైపుల మీద సిమెంటు మాలు పోసే రోజున అతని చేతిలో పార జారి పైపుకు తగిలింది. నీళ్లు చిమ్మాయి. నేల కింద జాయింట్ ఉండకూడదనేది ఈ పనిలో మొదటి నియమం. దెబ్బ తగిలితే ఆ చుట్ట మొత్తం తీసేసి కొత్త పైపు వేయాలి. అలా చేస్తే ఒక రోజు పోతుంది. మాలు కలిపిన బండి అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఇంజనీర్ సాబ్‌కు చెప్దామన్నా. చుట్ట మారుద్దాం" అన్నాడు భూమన్న.

"నోరు మూసుకొని జాయింట్ వెయ్. మాలు కప్పినంక దేవునికి గూడ కనపడది" అన్నాను నేను.

అతను జాయింట్ బిగించి, మాలు తగలకుండా తన ఎర్రగళ్ల తువ్వాల చింపి దానికి చుట్టాడు. కనీసం నక్షా కాగితం మీద ఒక చుక్క పెడదామన్నాడు. కాగితం మీద పెడితే దొరికిపోతాం కదా, నేను ఒప్పుకోలేదు. అప్పుడు అతను గుమ్మం దగ్గరికి వెళ్లి, చెప్పులు విడిచి, పొలం గట్టు పంచుకునేటప్పుడు కొలిచినట్టు అడుగు ముందు అడుగు ఆనించి కొలుచుకుంటూ వచ్చాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. "ఫికర్ చేయకన్నా. జాగ నాకు యాదుంటది" అన్నాడు.

లెక్క ఎంతో నేను అడగలేదు. నాకెందుకు అనుకున్నాను.

మూడేళ్ల తర్వాత ఒక రోజు భూమన్న క్యాంప్‌లో నిద్రలోనే పోయాడు. డ్యూటీకి లేపుదామని పోతే లేవలేదు. నలభై రెండేళ్లు. శవాన్ని డబ్బాలో ఊరికి పంపించారు. సామాను నేనే సర్దాను. ఆ జాయింట్ సంగతి అప్పుడు నాకు గుర్తుకు కూడా రాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పోయిన చలికాలం ఆ ఇంటి బాయిలర్ రోజూ పొద్దున ఆగిపోవడం మొదలైంది. లైన్లో ఒకటిన్నర బార్ ఉండాల్సిన ప్రెషర్ తెల్లారేసరికి సగానికి పడిపోయేది. నీళ్లు నింపితే మళ్లీ నడిచేది, మర్నాడు మళ్లీ అదే కథ. అంటే ఎక్కడో కారుతోంది. ఒక్కొక్క చుట్టనూ కట్టేసి చూస్తే మజ్లిస్‌లోని మూడో చుట్ట అని తేలింది. ఆ రోజు మేము జాయింట్ కప్పిపెట్టింది ఆ చుట్టలోనే.

నింద మాత్రం ఖాజా భాయ్ మీద పడింది. అంతకు ముందు వారమే ఆయన ఆ లైన్‌కు ప్రెషర్ టెస్ట్ చేశాడు. పంపు మరీ ఎక్కువ కొట్టి పైపు పగలగొట్టాడని రిపోర్ట్ రాశారు. మా ఇంజనీర్ కేరళ మనిషి, చెడ్డవాడేమీ కాదు. కానీ ఆయన పైన ఇంకొకరు ఉన్నారు కదా. ఇంటివాళ్లు ఎడారిలో చలికాలపు గుడారాలకు వెళ్లారు, గురువారం సాయంత్రం వస్తారు. ఆలోపు లీకు చూపించకపోతే వేరే కంపెనీ వచ్చి మజ్లిస్ మొత్తం పగలగొడుతుంది, ఖాజా వీసా క్యాన్సిల్ అవుతుంది. అదీ మాట.

ఖాజా భాయ్‌ది మా కోరుట్లే. యాభై నాలుగేళ్లు. ఆ వయసులో పంపించేస్తే మళ్లీ ఎవరూ తీసుకోరు. నాకు క్యాంప్‌లో అమ్మవారు పోసినప్పుడు గదిలో అందరూ మంచాలు ఎత్తుకొని వెళ్లిపోయారు. ఖాజా భాయ్ ఒక్కడే ఉన్నాడు. రోడ్డు పక్క వేపచెట్టు నుంచి మండలు విరుచుకొచ్చి నా తలగడ కింద పెట్టాడు. "మీ అమ్మోరికి గుస్సా రావద్దు గదరా" అన్నాడు. పదకొండు రోజులు జావ కాచి పోశాడు.

అలాంటి మనిషి నా ఎదురుగా కూర్చొని అన్నం మెతుకులు కెలుకుతుంటే నేను నోరు విప్పలేదు. "గేజీల ఆరు మీదికి ముల్లు పోనియ్యలేదు గంగారాం. ఖుదా కసం" అని రోజూ అనేవాడు. నాకు తెలుసు భాయ్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంట్లో ఐదుగురం నా జీతం మీద బతుకుతున్నామని, నేను ఒప్పుకున్నా ఆ జాయింట్ ఎక్కడుందో చెప్పలేను కదా అని, నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆదివారం నుంచి బుధవారం దాకా నాలుగు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. సిగ్గు అంటే ఏమిటో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

మజ్లిస్ నేల పలకలు ఎక్కడో విదేశాల నుంచి తెప్పించినవి. ఆ రంగు మళ్లీ దొరకదు. ఇంట్లో మిగిలి ఉన్నవి నాలుగే. అంటే మేము ఒక్కచోట పగలగొట్టగలం, మహా అయితే రెండు చోట్ల. లీకు ఒకచోట ఉంటే తడి ఇంకోచోట తేలుతుంది కాబట్టి చెమ్మను బట్టి చెప్పడానికి లేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి నేను ఒక్కణ్ణే ఆ ఇంటికి వెళ్లాను. చేతిలో కంపెనీ థర్మల్ కెమెరా ఉంది. వేడిగా ఉన్నచోటు పసుపుగా, చల్లగా ఉన్నచోటు నీలంగా చూపిస్తుంది. ముందు రోజు సాయంత్రమే బాయిలర్ ఆపేశాం. చల్లారిన నేల మీదికి ఒక్కసారిగా వేడినీళ్లు వదిలితే లీకున్న చోట మరక తేలుతుందని ఆశ. మంగళవారం అదే చేస్తే ఏమీ తేలలేదు. ఇంకోసారి చూద్దామని వచ్చాను, అంతే. వేరే దారి లేదు.

ఇంటి వ్యవహారాలు చూసే ఇద్రీస్ అనే సూడానీ పెద్దమనిషి తాళం తీశాడు. బూట్లు విప్పించి, సాక్సుల మీద తొడుక్కోమని నీలం ప్లాస్టిక్ తొడుగులు ఇచ్చాడు. "యల్లా, యల్లా" అని తొందరపెట్టి నన్ను లోపలికి పంపి తాను వంటింటి వైపు వెళ్లిపోయాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. హాల్లో తివాచీలన్నీ ముందే చుట్టి గోడకు పెట్టి ఉన్నాయి. కిటికీల్లోంచి తెల్లటి వెలుగు పడుతోంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, చీకటీ లేదు, నిద్రమత్తూ లేదు.

వేడినీళ్ల వాల్వ్ నేను ఇంకా తిప్పలేదు. ముందు చల్లటి నేలను ఒకసారి చూద్దామని కెమెరా ఎత్తాను. తెరంతా నీలం. పద్దెనిమిది డిగ్రీలు. గుమ్మం దగ్గర మాత్రం చిన్న పసుపు మచ్చ.

కిటికీ వెలుగు రాతి మీద మెరుస్తోందేమో అనుకొని పక్కకు జరిగాను. మెరుపైతే నాతోపాటు జరగాలి. అది జరగలేదు. దాని ముందు ఇంకొకటి వచ్చింది. మొదటిదాని వేళ్ల కొసలకు రెండోదాని మడమ ఆనుకొని ఉంది. అది పాదం. మనిషి పాదం.

నేను చూస్తుండగానే మూడోది వచ్చింది.

కెమెరా దించి చూస్తే ఒట్టి పాలరాయి. ఎత్తి చూస్తే పాదాలు. నా కాళ్ల వైపు చూసుకున్నాను, తొడుగులు ఉన్నాయి. అడుగు ముందు అడుగు ఆనించి, ఎక్కడా తొందర లేకుండా, అవి తిన్నగా హాలు మధ్యకు పోతున్నాయి. నడిచేవాడి అడుగులు అలా పడవు. కొలిచేవాడివే పడతాయి. ఎడమ పాదం పడ్డ ప్రతిచోటా వేళ్లు నాలుగే ఉన్నాయి.

భయం వేసిందా అంటే వేసింది. కానీ భయం కంటే ముందు ఏడుపు వచ్చింది. "భూమన్నా" అని పిలిచాను. లెక్కపెట్టాను. తిన్నగా ఇరవై మూడు. అక్కడ ఎడమకు తిరిగి తొమ్మిది. తర్వాత రెండు పాదాలు పక్కపక్కన, మనిషి నిలబడ్డట్టు నిలబడ్డాయి. వెనక పడ్డవి అప్పటికే నీలంలో కలిసిపోతున్నాయి. ఆ రెండు మాత్రం అలాగే ఉన్నాయి.

దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చొని అరచెయ్యి పెట్టాను. ఎవరో ఇప్పుడే లేచిపోయిన కుర్చీలా గోరువెచ్చగా ఉంది. కెమెరాలో ఫోటో తీశాను. కెమెరా కంపెనీది కాబట్టి ఆ తెరను నా ఫోన్‌తో ఇంకో ఫోటో తీసుకున్నాను. ఆ చోట సుద్దతో గీత గీశాను. కాసేపటికి పాదాలు చల్లారిపోయాయి.

ఇంజనీర్‌కు ఫోన్ చేసి లీకు దొరికిందని చెప్పాను. ఖాజా భాయ్‌ని వెంటబెట్టుకొని వచ్చాడు. ఎలా తెలుసని అడిగితే "యాదికొచ్చింది సాబ్" అన్నాను. తప్పైతే ఖాజా ఒక్కడే కాదు, నువ్వూ పోతావన్నాడు. సరే అన్నాను. పలక కోసి ఎత్తాం. నాలుగు వేళ్ల లోతు మాలు చెక్కాం. లోపల మట్టి ముద్దలా తడి. దాని కింద జాయింట్. దాని చుట్టూ మురిగిపోయిన ఎర్రగళ్ల బట్ట. సుద్ద గీత నుంచి బెత్తెడు కూడా తేడా లేదు.

"కిస్నే కియా యే?" ఇది ఎవరు చేశారని అడిగాడు ఇంజనీర్.

భూమన్న పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. అబద్ధం కూడా కాదు, బిగించింది అతనే. చచ్చినవాడి మీద వేస్తే ఎవరికీ నష్టం లేదు. నష్టపోవడానికి మనిషే లేడు. ఒక్క పేరు చెబితే ఖాజా భాయ్ మిగులుతాడు, నేనూ మిగులుతాను. కానీ ఆ రెండు పాదాలు నిలబడిన చోటే నేను కూర్చొని ఉన్నాను. అక్కడ కూర్చొని ఆ మాట అనలేకపోయాను.

"నేనే చేయించిన సాబ్. వాడు వద్దన్నడు. నేనే కప్పిపెట్టమన్న" అన్నాను.

ఖాజా భాయ్ చేతిలోని ఉలి కింద పెట్టాడు. ఇంజనీర్ కంటే ముందు ఆయనే మాట్లాడాడు.

"నాలుగు దినాలు నా మొకం చూసుకుంట ఎట్ల తిన్నవ్‌రా గంగారాం?"

ఖాజా భాయ్ రిపోర్ట్ మార్చారు, ఉద్యోగం నిలిచింది. నన్ను నెల తిరగకుండా పంపించేశారు. వెళ్లే రోజు దాకా ఆయన నాతో మాట్లాడలేదు. ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కుతుంటే మాత్రం వచ్చి, ఒక ఖర్జూరాల డబ్బా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. వేడినీళ్లు వదలలేదు కాబట్టి పైపుల వేడి కాదు. పైపుల వేడైతే గీతల్లా కనపడుతుంది, పాదాల్లా కాదు. ఇద్రీస్ నడిచాడేమో అని, నవ్వకండి, ఆయన చెప్పులు విడిచినప్పుడు వేళ్లు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. నా మనసే భ్రమ పడిందంటే ఫోటో ఎలా పడింది? ఆ లెక్క నాకు ఎప్పుడూ తెలియదే!

ఊరికి వచ్చాక భూమన్న భార్య రాజవ్వ దగ్గరికి వెళ్లాను. వాకిట్లో చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. జాయింట్ సంగతి చెప్పాను, మీ ఆయన వద్దన్నా నేనే చేయించానన్నాను. తల వంచుకొని విన్నది. మిగతాది ఎలా చెప్పాలో తెలియక ఫోన్ తీసి ఆ ఫోటో చూపించాను. ఆమె చేతిలో ఆకు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని ఫోన్ అందుకుంది.

"ఇవి మా ఆయన కాళ్లే గద" అంది. నేనేమీ చెప్పకముందే.

"డబ్బా వచ్చిననాడు మొకం మటుకే చూపెట్టిండ్రన్నా. మొత్తం చుట్టేసిండ్రు. కాళ్లు మొక్కుతనంటె ఇప్పనియ్యలే" అంది. తర్వాత అడిగింది, "గీ ఫోటో దిగిననాడు పానం మంచిగనే ఉండెనా ఆయనకు?"

ఫోటో మూలన తేదీ ఉంది. భూమన్న పోయిన రెండేళ్ల తర్వాతి తేదీ. రాజవ్వ చదువుకోలేదు.

"మంచిగనే ఉండె చెల్లె" అన్నాను.

"కడిగించి ఇయ్యన్నా. ఇంట్ల పాస్‌పోర్ట్ ఫోటో తప్ప ఒక్కటి లేదు. కాళ్లకు మొక్కుకుంట."

కోరుట్లలో స్టూడియోకు వెళ్లి పెద్దగా కడిగించాను. మూలన తేదీ ఉంచాలా తీసేయాలా అని స్టూడియో ఆయన అడిగాడు. తీసేయమన్నాను. అలా ఇంకోసారి కప్పిపెట్టాను. ఇప్పుడు ఆ ఫోటో రాజవ్వ ఇంట్లో గోడకు ఉంది. దాని కింద ఆమె రోజూ కుంకుమ పెడుతుందట. ఆ చల్లటి రాతి మీద ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో పన్నెండేళ్ల పని అనుభవంతో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.